లెక్కకు రాని నూట డెబ్బై తెడ్లు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే ముందు వాళ్ళ చెయ్యి పట్టుకుని జ్వరముందేమో చూసే రకం నేను. ముప్ఫై రెండేళ్ళు నర్సుగా పనిచేశాను. శవాల గది పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుకుని తిన్నదాన్ని. మనిషి ప్రాణం పోవడం దగ్గరుండి ఎన్నోసార్లు చూశాను, ఆ తర్వాత ఇంకేమీ ఉండదనే నా నమ్మకం. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ఈమెకు మొదటి నుంచీ ఇలాంటి పిచ్చి ఉన్నట్టుందని ఎవరూ అనుకోకూడదు.

ఇది ఎనభైల మొదట్లో జరిగింది. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. పాల్వంచకు ఎగువన అడవిలో, ఒక వాగుకు అడ్డంగా ఆనకట్ట కట్టడంతో నిలిచిన పెద్ద జలాశయం ఒడ్డున నా సబ్ సెంటర్. ఊరి పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మనుషులూ వాళ్ళ పిల్లలూ ఇంకా అక్కడే ఉన్నారు.

మాది మధిర వైపు. నీళ్ళంటే మాకు పొలం కాలువ, ఇంటి బావి, అంతే. అలాంటి నాకు నీళ్ళకు అవతల, పడమటి ఒడ్డున ముప్ఫై ఇళ్ళ గూడెం కూడా అప్పజెప్పారు. చుట్టూ తిరిగి వెళ్ళే అడవి బాట ఉంది కానీ, సగం రోజు పడుతుంది. నీళ్ళ మీదుగా దోనెలో అయితే ఇరవై నిమిషాలు.

మొదట్లో లచ్చయ్య తాత దాటించేవాడు. ఒకే మాను తొలిచి చేసిన దోనె ఆయనది. తలకు తువ్వాల, నోట్లో చుట్ట, మాట తక్కువ. మూడు నెలలు కూర్చోబెట్టి దాటించాక ఒకరోజు తెడ్డు నా చేతిలో పెట్టి, సూది వెయ్యడం వచ్చిన చేతికి తెడ్డు వెయ్యడం రాదా అన్నాడు. రాలేదు. వారం రోజులు దోనె గుండ్రంగా తిరిగింది, ఆయన తను చెయ్యి వెయ్యకుండా చుట్ట కాల్చుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి, రాత్రిళ్ళు పసుపూ కొబ్బరినూనే రాసుకుని పడుకునేదాన్ని. తర్వాత వచ్చేసింది.

ఆయన నేర్పినవాటిలో ముఖ్యమైనది లెక్క. తెడ్డు నీళ్ళలో వేసి ఒకసారి లాగితే ఒక తెడ్డు. మా రేవు నుంచి అవతలి రేవుకు నాలుగు వందల అరవై తెడ్లు. సరిగ్గా మధ్యలో, నీళ్ళలో మునిగిపోయిన పాత అడవిలోంచి ఒక నల్లమద్ది మోడు ఇంకా నిలబడి ఉండేది. దాని దగ్గరికి రెండు వందల ముప్ఫై. ఎదురుగాలి ఉంటే మొత్తం ఐదు వందల యాభై, ఆరు వందలు కూడా అవుతాయి. వెనుక గాలి కలిసొస్తే నాలుగు వందలు. అంతకన్నా తగ్గడం తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదని తాత చెప్పాడు.

లెక్క ఎందుకంటే, పొగమంచులో ఒడ్డు కనిపించదు. ఎంత దూరం వచ్చామో తెలియాలంటే లెక్కే దారి. మధ్యలో మరిచిపోకుండా చింతగింజలు పెట్టుకోవాలి. యాభై తెడ్లకొక గింజ తీసి ఖాళీ డబ్బాలో వేసి, తెడ్డు రెండో వైపుకు మార్చుకోవాలి. అలా మారిస్తే ఒక్క భుజమే నొప్పి పెట్టదు. నేను మందుల ఖాళీ రేకుడబ్బా వాడేదాన్ని. అవతల దిగేసరికి అందులో తొమ్మిది గింజలుండేవి.

ఆ చలికాలంలో తాత పోయాడు. ఇంట్లోనే, మంచం మీద, నాలుగు రోజుల జ్వరం తర్వాత. నాడి చూసి లేదని చెప్పింది నేనే. కళ్ళు మూసింది కూడా నా చేత్తోనే. ఇక్కడ అనుమానానికి తావు లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పదకొండో రోజు అయ్యాక ఆయన భార్య గురవమ్మ నన్ను పిలిపించి, దోనె నన్ను వాడుకోమంది. కానీ ఒక పద్ధతి ఉంది. వాళ్ళ ఇళ్ళల్లో పడవ నడిపిన మనిషి పోతే, ఏడాది తిరిగేదాకా ఆ మనిషి తెడ్డు దోనెలోనే ఉండాలి. దాంతో ఎవరూ తెడ్డు వెయ్యకూడదు. దోనె విప్పిన ప్రతిసారీ ముందు ఆ తెడ్డు నీళ్ళలో ముంచి, ఆ తర్వాతే మన తెడ్డు ముంచాలి. దీన్ని వాళ్ళు తెడ్డుకు నీళ్ళు తాపడం అంటారు. ఇంట్లో ముసలివాళ్ళు నీళ్ళు తాగారో లేదో చూసుకున్నట్టు దాన్ని చూసుకోవాలట. నేను తల ఊపాను. దోనె కావాలి నాకు, తల ఊపితే పోయేదేముంది.

దోనె అంతగా ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. గూడెంలో కన్నమ్మ అని ఇరవై రెండేళ్ళ పిల్ల. చంకలో పాలు తాగే ఆడపిల్ల. మొగుడు పాల్వంచలో కూలి పని, పదిహేను రోజులకొకసారి వచ్చేవాడు. కన్నమ్మకు క్షయ. ముందు ఏడాది దవాఖానాలో చేర్చి సూదులు మొదలుపెడితే, నలభై రోజులకు దగ్గు తగ్గింది. సరిగ్గా అప్పుడే ఇప్పపువ్వు రాలే కాలం వచ్చింది. అడవిలో వాళ్ళ ఇప్పచెట్లు గూడేనికి చాలా దూరం. ఆ కాలంలో ఇంటిల్లిపాదీ చెట్ల కింద పాకలు వేసుకుని అక్కడే ఉండిపోతారు. ఏడాది తిండిగింజలకు ఆధారం ఆ పువ్వు. ఒళ్ళు బాగున్నట్టే ఉంది కదా అని కన్నమ్మ దవాఖానా నుంచి వెళ్ళిపోయింది. చలికాలం చివరికి నెత్తురు కక్కింది.

ఈసారి డాక్టరు గారు తేల్చి చెప్పారు. తొంభై రోజులు రోజుకొక సూది. మళ్ళీ మధ్యలో వదిలేస్తే ఆ మందు ఇక పనిచెయ్యదు, తన దగ్గర వేరే మందు లేదు. కన్నమ్మ దవాఖానాకు రానంది. నేనే రోజూ వస్తానన్నాను. దానికి ఆమె ఒక మాట అంది. అది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నువ్వొచ్చినన్ని దినాలు నేను ఇంటికాడ్నే ఉంట అక్కా. నువ్వు రాని దినం మావోళ్ళెంట నేను గూడ అడవికి పోత."

బెదిరింపు కాదది, ఉన్న మాట. ఒక్క రోజు సూది తప్పితే మనిషి చచ్చిపోదని నాకూ తెలుసు. కానీ ఒక్క రోజు నేను వెళ్ళకపోతే ఆమె చంటిపిల్లను వేసుకుని అడవిలోకి పోతుంది, ఏ చెట్టు కింద ఉందో వెతికి పట్టుకోవడం నా వల్ల కాదు. అందుకని శివరాత్రి మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే దోనె విప్పడం మొదలుపెట్టాను.

ఆ కాలంలో అక్కడి వాతావరణానికి ఒక మాట మీద నిలబడే అలవాటు లేదు. శివరాత్రి దాటాక కూడా పదిహేను రోజులు తెల్లవారితే పొగమంచు. దోనె ముక్కు నాకే కనిపించేది కాదు. గింజలు వేసుకుంటూ, రెండు వందల ముప్ఫైకి మద్దిమోడు ఎడమపక్క మసకగా తగిలితే హమ్మయ్య అనుకుంటూ పోయేదాన్ని. తర్వాత కొన్నాళ్ళు నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉండేవి. ఆ రోజుల్లో దోనె దానంతటదే పోతున్నంత సుఖం. ఉగాది దగ్గర పడేసరికి పొద్దున చలి, పదింటికి ఎండ, మధ్యాహ్నం సుడిగాలి. ఒకనాడు ఎర్రదుమ్ము లేచి నీళ్ళ మీద పొరలాగా పరుచుకుంది. ఇంకోనాడు చినుకుల్లో బయల్దేరి ఎండలో దిగాను.

అయినా తప్పించలేదు. ఆరున్నరకు దోనె విప్పడం, ఏడింటికి కన్నమ్మ పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళలో సిరంజి వెయ్యడం, సూది పొడవడం, ఆమె సూదుల కార్డులో ఆ రోజు గడిలో గీత పెట్టడం, తిరిగి దోనె. జ్వరం వచ్చిన రోజు కూడా పోయాను. మొండిదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిట్టేది, ఆ మొండితనం ఇక్కడ అక్కరకొచ్చింది.

మొదట్లో తాత తెడ్డుకు నీళ్ళు తాపుతూనే ఉన్నాను, గురవమ్మ రేవులో నిలబడి చూస్తుంది కాబట్టి. కానీ ఆ తెడ్డు బరువు. దోనె ఊగినప్పుడల్లా దొర్లి వచ్చి నా కాలివేళ్ళ మీద పడేది. ఒకరోజు బొటనవేలి గోరు నల్లబడింది. ఒంటి చేత్తో ముంచి, ఒడ్డు నుంచి తోసుకుని, ఇదంతా ఎవరి కోసమని విసుగొచ్చింది. నలభై ఆరో రోజున అనుకుంటాను, తెడ్డు తీసుకెళ్ళి గురవమ్మకు ఇచ్చేశాను. ఎండకు పగుళ్ళు ఇస్తోంది అవ్వా, నీడలో పెట్టు అని అబద్ధం చెప్పాను.

గురవమ్మ నా మొహం చూసింది. అబద్ధమని తెలిసిపోయింది ఆమెకు. కోప్పడలేదు.

"నీడకు పెడితె దానికి దప్పిక తీరదు బిడ్డా," అంది. అంతే. తెడ్డు తీసుకుని ఇంట్లో దూలాల మీద, పైకి, చెయ్యెత్తితే గాని అందనంత ఎత్తున పెట్టింది. నేను చూస్తుండగానే పెట్టింది.

ఇక ఆ రోజు. యాభై మూడో సూది రోజు. ఇప్పపువ్వు అయిపోవచ్చింది, బీడీలు చుట్టే తునికాకు కోతకు జనం అడవిలోకి కదులుతున్నారు. తెల్లవారకముందే గాలి మొదలైంది. రేవుకు పోతే నీళ్ళు గట్టును కొడుతున్నాయి. దోనె విప్పితే నిలవదు. ఏడింటికి చూశాను, తొమ్మిదింటికి చూశాను, పదకొండింటికి చూశాను. వాన పడింది, ఆగింది, మళ్ళీ పడింది. కన్నమ్మ ఎదురుచూసి మూట కట్టుకుంటుందేమోనని నాకు ఒకటే బెంగ. అన్నం సయించలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక గాలి పడిపోయింది. మబ్బు విడిపోయి ఎండ కాసింది. నీళ్ళు సర్దుకున్నాయి. వాన పడి వెలిసిన పూట మధ్యాహ్నం నీళ్ళలో దిగొద్దని, పడమటి గుట్టల వెనకాల ఏముందో మనకు కనపడదని తాత ఒకసారి చెప్పాడు. గుర్తుంది. గుర్తుండే దిగాను. రేవులో ఎవరూ లేరు, గురవమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది.

మూడింటికి దోనె విప్పాను. సూదుల పెట్టె ముందు భాగంలో పెట్టి, నేను వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎప్పుడూ అలాగే. నేనొక్కదాన్నే ఉంటే బరువంతా వెనక్కి పడి దోనె ముక్కు కొద్దిగా పైకి లేచి ఉంటుంది. అప్పుడు దాని కింద నీళ్ళు టపటపమని కొడుతుంటాయి. ముందు ఎవరైనా కూర్చుంటే ముక్కు దిగి ఆ చప్పుడు ఆగిపోతుంది. దోనె నడిపిన వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

మద్దిమోడు దాటేటప్పటికి రెండు వందల ముప్ఫై ఐదు. డబ్బాలో నాలుగు గింజలు, ఐదోది వెయ్యడానికి ఇంకా పదిహేను తెడ్లు. అంటే రోజూ లాగే ఉంది లెక్క. సన్నటి ఎదురుగాలి మొదలైంది, నా కొంగు వెనక్కి ఎగురుతోంది. తల ఎత్తి చూస్తే పడమటి గుట్టలు కనిపించలేదు. గుట్టల చోట నల్లటి గోడ ఉంది. గోడ అడుగున నీళ్ళు తెల్లగా మరుగుతూ నా వైపు వస్తున్నాయి.

అది వడగళ్ళ వాన అని చూడగానే తెలిసింది. ముందు వారం పక్క ఊళ్ళో మేకలను చంపింది అదే. వెనక్కి తిరిగినా ముందుకు పోయినా దూరం ఒకటే. నాకు ఈత రాదు. ఇన్నాళ్ళూ ఆ విషయం ఎవరికీ చెప్పలేదు, డాక్టరు గారికి కూడా. చచ్చిపోతాననీ అనుకున్నాను, కానీ ముందు అనుకున్నది రేపు కన్నమ్మ అడవికి పోతుందని.

తెడ్డు బిగించి వేశాను. లెక్క మానలేదు. భయమేస్తే అంకెలు గట్టిగా అనుకోవడం నాకలవాటు, కాన్పుల దగ్గర కూడా అంతే. రెండు వందల నలభై. రెండు వందల యాభై. ఐదో గింజ డబ్బాలో వేసి చెయ్యి మార్చాను.

అప్పుడు ముక్కు కింద టపటప చప్పుడు ఆగిపోయింది.

గాలి తగ్గిందేమో అనుకున్నాను మొదట. తగ్గలేదు, కొంగు ఇంకా వెనక్కే కొట్టుకుంటోంది. దోనె ముక్కు చూస్తే దిగి ఉంది. సూదుల పెట్టె అక్కడే ఉంది, దాని పక్కన ఎవరూ లేరు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఎవరూ లేరు. కానీ దోనె కింద నీళ్ళు జారిపోవడం నాకు మోకాళ్ళకు తెలుస్తోంది. నేను తెడ్డు నీళ్ళలోంచి తీసి మళ్ళీ వేసేలోపు దోనె ఆగి ఊగాలి, రోజూ అలాగే ఊగుతుంది. ఆ రోజు ఊగలేదు. నేను తీసినప్పుడు కూడా ముందుకు పోతూనే ఉంది.

భయపడ్డావా అని తర్వాత చాలామంది అడిగారు. లేదు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు బరువు బిందె మోస్తుంటే వెనక నుంచి ఎవరో వచ్చి చెయ్యి వేసినట్టనిపించింది. ఎవరని అడగాలనిపించలేదు. లెక్క పెట్టుకుంటూ వేశాను.

రెండు వందల ఎనభై ఎనిమిది దగ్గర దోనె ముక్కు ఇసుకలోకి దిగబడింది.

ఒడ్డున కన్నమ్మ ఉంది. చంటిపిల్లను కొంగులో కట్టుకుని నిలబడి ఉంది. నేను పెట్టె, డబ్బా పట్టుకుని దిగాను, ఇద్దరం కలిసి దోనె గట్టు మీదికి లాగాము. ఇంట్లోకి పరిగెత్తి గడపలో కాలు పెట్టామో లేదో మొదటి వడగల్లు వాకిట్లో పడింది. నిమ్మకాయంత ఉంది. ఆ తర్వాత అరగంట పాటు ఒకరి మాట ఒకరికి వినపడలేదు. తలుపు సందులోంచి చూస్తే జలాశయం మొత్తం ఉడుకుతున్న గంజిలా ఉంది. మద్దిమోడు ఆ వానలోనే విరిగి పడిపోయిందని మర్నాడు తెలిసింది.

కన్నమ్మ రోజూ నాకోసం దొప్పలో జావ పోసి పెట్టేది. ఆకు దొప్ప, గోరువెచ్చటి జొన్నజావ. ఆ రోజు వాన కొడుతుండగానే పొయ్యి పక్కన రెండు దొప్పలు పోసి పెట్టింది. పిల్ల ఇంకా పాలు తాగే పిల్ల. కన్నమ్మ దొప్పలో తాగదు, నా తర్వాత గిన్నెలో తాగుతుంది. వాన కాస్త తెరిపి ఇచ్చాక రెండోది ఎవరికని అడిగాను.

"నీతోటి వచ్చినాయనకు," అంది కన్నమ్మ. "ముంగట కూసొని తెడ్డేసుకుంట వచ్చె గద. ఆ ఆదరాబాదరల ఎటు దిగిండో నేను సూడలె. ఏడి, దోనె కాడ్నే ఉన్నడా?"

ఎవరో గుర్తుపట్టావా అని అడిగాను. ఇటు వీపు పెట్టి కూర్చున్నాడని, తలకు తువ్వాల ఉందని, మొహం కానరాలేదని చెప్పింది. ముందు కూర్చున్న మనిషి ఒడ్డు వైపు కదా చూడాలి, వీపు ఎలా కనిపించిందని అడగాలని నాకు తర్వాత తట్టింది. ఇంకొక సంగతి కూడా తర్వాతే తట్టింది. నాకు తెడ్డు నేర్పినన్నాళ్ళూ లచ్చయ్య తాత దోనె ముక్కులో నా వైపు తిరిగి కూర్చునేవాడు. నా చెయ్యి ఎలా పడుతోందో చూడాలని.

మందు కలిపేటప్పుడు రెండుసార్లు సీసా జారింది. అయినా సూది వేశాను. కార్డులో యాభై మూడో గడిలో గీత పెట్టాను. ఆ గీత వంకరగా ఉంటుంది, తక్కినవన్నీ తిన్నగా ఉంటాయి.

ఎవరైనా దోనె దగ్గర ఉన్నారేమో చూడమని కన్నమ్మ పోరుపెడితే, వాన వెలిశాక ఇద్దరం రేవుకు వెళ్ళాము. దోనె నిండా వడగళ్ళు. మనిషి లేడు. రేకుడబ్బా మూత తీసి చూశాను. ఐదు గింజలు. ఆ సాయంత్రం ఆ ఐదు గింజలను ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే తెలియదు. ఒకటి నీళ్ళలో పడిపోయి ఉండొచ్చు, పోనీ రెండు. నాలుగు పడిపోవడం కుదరదు.

మళ్ళీ గాలి లేవడంతో ఆ పూట గూడెంలోనే ఉండిపోయి, మర్నాడు పొద్దున అక్కడే యాభై నాలుగో సూది కూడా వేసి బయల్దేరాను. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు ఉన్నాయి. నాలుగు వందల అరవై ఐదు తెడ్లు. ముక్కు కింద టపటప చప్పుడు దారి పొడవునా వినిపించింది.

గురవమ్మ రేవులో బట్టలు ఉతుక్కుంటోంది. నన్ను దోనెలో చూసి ఆశ్చర్యపోయింది. రాత్రంతా నా కోసం బెంగపడి ఉంటుందనుకున్నాను, ఆమె మొహంలో అదేమీ లేదు. ఇంత పొద్దున్నే పోయి అప్పుడే తిరిగొస్తున్నావా అని అడిగింది. నిన్న సాయంత్రం నుంచీ అక్కడే ఉన్నానన్నాను. ఆమె చేతిలో బట్ట రాయి మీద పెట్టి లేచింది.

"నిన్న మాపటికే వచ్చినవనుకున్న బిడ్డా," అంది. "తెడ్డు తడిగ ఉంటె."

తీసుకెళ్ళి చూపించింది. నిన్న ఆమె చెల్లెలి ఇంటికి పోయి, వడగళ్ళ వాన వెలిశాక వచ్చిందట. వచ్చేసరికి తాత తెడ్డు దూలాల మీద లేదు. ఇంటి లోపలే, గోడకు ఆనించి ఉంది, కింద మట్టినేల మీద నీళ్ళ మరక. నేనే క్షేమంగా తిరిగొచ్చి, తప్పు తెలుసుకుని తెడ్డుకు నీళ్ళు తాపి, అక్కడ పెట్టి క్వార్టరుకు పోయానని ఆమె అనుకుంది. అందుకే నిశ్చింతగా నిద్రపోయింది.

నేను ఇంటి కప్పు చూశాను. కురిసిందేమోనని. తెడ్డు పెట్టిన దూలం పొడిగా ఉంది, దాని మీద దుమ్ములో తెడ్డు పడుకున్న గుర్తు అలాగే ఉంది. తెడ్డు పిడి పొడిగా ఉంది. అడుగున నీళ్ళను తోసే ఆకు మాత్రం ఇంకా చెమ్మగా, అంచున పచ్చటి నాచు అంటుకుని ఉంది. వారం కిందటి నాచైతే ఎండి రాలిపోవాలి. నేను వేలితో తీసి వాసన చూశాను. నీళ్ళలోంచి అప్పుడే తీసిన నాచు వాసన.

జరిగింది గురవమ్మకు మొత్తం చెప్పాను, చప్పుడు ఆగడం, లెక్క, రెండు దొప్పలు. అబద్ధం చెప్పి తెడ్డు ఇచ్చినందుకు క్షమించమని కూడా అడిగాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కాసేపు తెడ్డు చేత్తో నిమిరింది. తర్వాత నవ్వింది.

"ఉన్నప్పుడు గూడ గంతే. పిలిస్తె పలకడు, పిలవకుంటె వస్తడు."

ఆ పూటే తెడ్డు మళ్ళీ దోనెలోకి చేరింది. ఆ తర్వాత ముప్ఫై ఆరు రోజులూ ముందు దాన్ని నీళ్ళలో ముంచి, తర్వాతే నాది ముంచాను. అది దొర్లి నా కాలి మీద పడితే కాస్త జరిపి పెట్టుకున్నాను, తిట్టలేదు. దోనె మళ్ళీ ఎప్పుడూ అలా పోలేదు. ఎదురుగాలికి ఆరు వందలు, మంచి రోజున నాలుగు వందల అరవై. మధ్యాహ్నం పూట మాత్రం మళ్ళీ నీళ్ళలో దిగలేదు. మళ్ళీ సాయం వస్తుందన్న నమ్మకంతో దిగితే తాత నన్నే తిడతాడనిపించేది.

దీనికి కారణాలు వెతకకుండా ఊరుకోలేదు. కన్నమ్మ ఆ మబ్బు చీకట్లో ఏదో చూసి మనిషనుకుని ఉండొచ్చు. గురవమ్మ తనే తెడ్డు దించి మరిచిపోయి ఉండొచ్చు, కానీ నాచు ఎక్కడిది? నేను భయంలో లెక్క తప్పి ఉండొచ్చు. ఈ ఒక్కదాన్నీ నేను ఒప్పుకోలేను, గింజలు భయపడవు కదా. ఇంజనీరు ఒకాయనకు చెబితే నీళ్ళలో అడుగు ప్రవాహం ఉండి ఉంటుందన్నాడు. ఆనకట్ట తూర్పున ఉంటే నీళ్ళు పడమటికి ఎందుకు పోతాయని అడిగాను. ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

ఏడాది తిరిగాక గురవమ్మ ఆ తెడ్డును పసుపు రాసి నీళ్ళలో వదిలింది. నేనూ పక్కనే ఉన్నాను. అది మామూలు కర్రలాగే తేలుతూ పోయింది. మరుసటి వేసవిలో నాకు కుసుమంచి వైపు బదిలీ అయింది.

కన్నమ్మ తొంభై సూదులూ పూర్తి చేసింది. తెమడ పరీక్షలో ఏమీ లేదని డాక్టరు గారు చెప్పిన రోజు నేను దవాఖానా వరండాలో కూర్చుని ఏడ్చాను. మొన్నామధ్య ఆమె మనవడి పెళ్ళికి పిలిస్తే వెళ్ళొచ్చాను. జుట్టు నెరిసింది, మనిషి గట్టిగా ఉంది. పెళ్ళి సందడిలో నన్ను లోపలికి తీసుకెళ్ళి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్న ఆ పాత కార్డు తీసి చూపించింది. తొంభై గడులు, తొంభై గీతలు. యాభై మూడోది వంకరగా ఉంది.

మా రేవు నుంచి ఆ ఒడ్డుకు నాలుగు వందల అరవై తెడ్లు. ఆ రోజు నేను వేసినవి రెండు వందల ఎనభై ఎనిమిది. మిగిలిన నూట డెబ్బై చిల్లర ఎవరు వేశారో నాకు ఈ రోజుకీ తెలియదు. వేసిన వాళ్ళెవరైనా సరే, ఆ కార్డులో ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.